ఆకు అంచున పిల్లలు పెట్టే కలాంచోలు: ఏ ఇంటికి ఏ మొక్క

ఆకు అంచు పొడవునా బుల్లి మొక్కలు వరసగా మొలిచి, తల్లి ఆకు మీద ఉండగానే వేళ్లు వేసుకుని, కింద పడ్డ చోటల్లా బతికేసే మొక్కను దగ్గర్నుంచి ఒక్కసారి చూస్తే చాలు, ఎవరికైనా పెంచుకోవాలనిపిస్తుంది. మదర్ ఆఫ్ థౌజండ్స్ అని అందరూ పిలిచేది దీన్నే. చిక్కేమిటంటే, ఆ ఒక్క పేరు మీద నాలుగైదు వేర్వేరు మొక్కలు చేతులు మారుతుంటాయి. అన్నీ కలాంచో అనే మందపాటి ఆకుల మొక్కల జాతివే. ఒక సంకరాన్ని పక్కన పెడితే అన్నింటి పుట్టిల్లూ మడగాస్కర్ ద్వీపమే. చిన్న కుండీలో ఉన్నప్పుడు వాటి మధ్య తేడా పెద్దగా తెలియదు. ఏడాది తిరిగేసరికి మాత్రం ఒకటి బుద్ధిగా కిటికీ పక్కన ఉంటుంది, ఇంకొకటి పక్కనున్న కుండీలన్నింటినీ ఆక్రమిస్తుంది.

తెచ్చుకునే ముందు చాలామంది ఆకు రంగు చూస్తారు, ఎంత ఎత్తు పెరుగుతుందో అడుగుతారు. నేనైతే ముందు ఒక్క ప్రశ్న అడగమంటాను: దీని పిల్లలు ఆకులో ఎక్కడ వస్తాయి, ఎప్పుడు రాలతాయి? నీళ్లు, ఎండ, మట్టి విషయంలో ఈ మొక్కల మధ్య పెద్ద తేడాల్లేవు, కాస్త తెలిసి పెంచితే ఏదైనా బతుకుతుంది. మీకు రోజూ ఎంత పని పడుతుందో తేల్చేది ఆ పిల్లలే.

ఎవరూ అడక్కుండానే పిల్లలు పెట్టేవి

మదర్ ఆఫ్ థౌజండ్స్ అన్న పేరు అసలు చెందాల్సింది కలాంచో డైగ్రెమోంటియానాకి. మడగాస్కర్ నైరుతి భాగపు పొడి నేలల మొక్క ఇది. ఒకే కాండంతో నిటారుగా మీటరు దాకా పెరుగుతుంది. ఆకులు జానెడు పొడవుంటాయి. చివర సన్నబడి, అంచులు కాస్త పైకి ముడుచుకుని ఉంటాయి. ఆకు తిప్పి చూస్తే వెనక ఊదారంగు మరకలు కనిపిస్తాయి. అదే గుర్తు. ముందూ వెనకా మరకల్లేకుండా లేతాకుపచ్చగా, వెడల్పుగా ఉంటే అది చాలావరకు లేటివైరెన్స్ అనే దగ్గరి చుట్టం. రెండింటినీ ఒకే పేరుతో ఇచ్చేస్తుంటారు. పెంపకంలో రెండూ ఒకటే కాబట్టి ఈ తికమక వల్ల నష్టమేమీ లేదు.

బాగా ఎదిగిన ఆకునొకదాన్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. అంచు రంపంలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. రెండు పళ్ల మధ్య ఉన్న ప్రతి సందులోనూ మొదట చిన్న ఆకుపచ్చ బుడిపె లేస్తుంది. తర్వాత దాన్నుంచి ఎదురెదురుగా రెండు గుండ్రటి ఆకులు విచ్చుకుంటాయి. ఆపైన మరో జత, మొదటి జతకి అడ్డంగా. ఈలోపు అడుగు నుంచి వెంట్రుకల్లాంటి వేళ్లు గాల్లోకి దిగుతాయి. ఇక వేలు తగిలితే చాలు, ఊడి పడుతుంది. నీళ్లు పోస్తున్నప్పుడు కుండీ కాస్త కదిలినా, కిటికీలోంచి గాలి గట్టిగా వీచినా అంతే. పడిన చోట చారెడు మట్టి కూడా అక్కర్లేదు. నేల పగుల్లో, బండరాళ్ల సందులో, పక్క కుండీలోని మొక్క మొదట్లో, ఎక్కడైనా నాటుకుంటుంది.

ఇదెలా సాధ్యమన్నది శాస్త్రవేత్తల్ని కూడా చాలాకాలం ఆకట్టుకుంది. మామూలుగా విత్తనంలో పిండం ఎదగడానికి లెక్1 అనే జన్యువు కావాలి. డైగ్రెమోంటియానాలో ఆ జన్యువు కత్తిరించినట్టు పొట్టిగా మారిపోయిందని, విత్తనంలో జరగాల్సిన పిండం తయారీ ఆకు అంచుకి చేరిందని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. అందుకే దీనికి పూలు పూసినా మొలకెత్తే విత్తనాలు రావు. ఎంపిక చేసుకునేవారికి ఇది పనికొచ్చే సంగతి: ఈ మొక్క వ్యాపించేది పిల్లల ద్వారానే. రాలిన పిల్లల్ని ఏరేస్తే అదుపులో ఉన్నట్టే.

మదర్ ఆఫ్ మిలియన్స్ అనే కలాంచో డెలగోయెన్సిస్‌కి ఆ హామీ లేదు. దీని ఆకులు పలకల్లా కాకుండా పెన్సిల్ కంటే సన్నటి గొట్టాల్లా, బూడిద ఆకుపచ్చ మీద ముదురు మచ్చలతో ఉంటాయి. పిల్లలు అంచంతా రావు, ఆకు కొసన మాత్రమే నాలుగైదు గుంపుగా పుడతాయి. చూసి ఇదే నయం అనుకుంటాం. కానీ ఆకులు లెక్కకు మిక్కిలి, పైగా ఇది విత్తనాలు కూడా వేస్తుంది. దుమ్ములాంటి ఆ విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి మొలుస్తాయి. పిల్లల్ని ఏరినంత మాత్రాన పని పూర్తికాదు.

ఆస్ట్రేలియా దీన్ని అనుభవించింది. అలంకారానికి తెచ్చుకున్న మొక్క తోటలు దాటి పొలాల్లోకి, పశువులు మేసే దారుల్లోకి పాకింది. న్యూ సౌత్ వేల్స్‌లోని మోరీ దగ్గర 1997లో దీన్ని మేసి 125 పశువులు చనిపోయాయి. క్వీన్స్‌లాండ్‌లో 2014 నాటి బయోసెక్యూరిటీ చట్టం కింద దీన్ని అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడం కూడా నేరం. మీరున్న చోట ఇలాంటి నిషేధం ఉందేమో తెలుసుకోకుండా ఈ గుంపులో ఏ మొక్కనీ తెచ్చుకోవద్దు, ఎవరికీ పంచొద్దు.

ఈ రెండింటినీ కలిపి పుట్టించిన సంకరం హౌటోనియై. 1930ల్లో అమెరికాలో ఎ.డి. హౌటన్ అనే పెంపకందారు చేశాడు. ఆకు డైగ్రెమోంటియానా కంటే సన్నగా, డెలగోయెన్సిస్ కంటే వెడల్పుగా ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి మొండితనమూ దీనికి వచ్చింది. వేడి ప్రాంతాల్లో గోడల మీద, పాడుబడ్డ స్థలాల్లో తనంతట తాను పెరుగుతున్న మదర్ ఆఫ్ థౌజండ్స్ కనిపిస్తే అది ఈ సంకరమే అయ్యుండే అవకాశం ఎక్కువ. మామూలు ఆకుపచ్చ హౌటోనియైని, డెలగోయెన్సిస్‌ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. వాటిలో ఉన్న అందం మిగతావాటిలో తక్కువ తలనొప్పితో దొరుకుతుంది.

గులాబీరంగు మినహాయింపు

అదే హౌటోనియైలో పింక్ బటర్‌ఫ్లైస్ అనే రకం ఉంది. నిటారు కాండం, సన్నటి ఆకులు, ఆకుల అంచున ముదురు గులాబీరంగులో వాలిన సీతాకోకచిలుకల్లా పిల్లలు. ఎండ బాగా తగిలితే ఆ రంగు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. దీని ప్రత్యేకత ఏమిటంటే ఆ గులాబీ పిల్లల్లో పత్రహరితం ఉండదు. తల్లి ఆకుని అంటిపెట్టుకున్నంత కాలం తల్లి పెట్టింది తింటాయి. రాలిపోతే సొంతంగా ఆహారం తయారు చేసుకోలేక ఎండిపోతాయి. అంటే మదర్ ఆఫ్ థౌజండ్స్ చూపించే వింతంతా ఉంటుంది, ఇల్లంతా మొలుస్తుందన్న టెన్షన్ ఉండదు.

దానికి తగ్గ ఇబ్బందీ ఉంది. ఇంకో మొక్క కావాలంటే కాండం కత్తిరించి నాటడమొక్కటే దారి. పెరుగుదల నెమ్మది. నీడలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఒక్కోసారి పూర్తిగా ఆకుపచ్చగా ఉన్న కొమ్మ పుట్టుకొస్తుంది. దాన్ని మొదట్లోనే తీసెయ్యాలి, లేదంటే అది బలంగా ఎదిగి గులాబీ కొమ్మల్ని వెనక్కి నెట్టేస్తుంది. పైగా ఆ ఆకుపచ్చ కొమ్మ పిల్లలు చక్కగా బతుకుతాయి కూడా.

అడిగితేనే పిల్లలు ఇచ్చేవి

కలాంచో పిన్నేటా, అంటే మనం రణపాల అనే మొక్క, ఇదే కుటుంబం. మందపాటి ఆకులు, గుండ్రటి నొక్కుల అంచు. ముదిరిన మొక్కలో ఒక్కో కాడకి మూడు నుంచి ఐదు ఆకులుంటాయి. డైగ్రెమోంటియానాకీ దీనికీ అసలు తేడా ఒక్కటే: రణపాల ఆకు చెట్టున ఉన్నంత సేపు సాధారణంగా పిల్లలు పెట్టదు. ఆకు తెంపితేనో, విరిగి పడితేనో, బాగా దెబ్బతింటేనో అంచు నొక్కుల్లో మొలకలు లేస్తాయి. తాళం మీ చేతిలో ఉంటుందన్నమాట.

ఇంట్లో చిన్నపిల్లలకి మొక్కల పుట్టుక చూపించాలంటే దీన్ని మించింది లేదు. ఎదిగిన ఆకు ఒకటి తెంపి, మట్టి లేకుండా, నీళ్లు లేకుండా, ఒక పళ్లెంలో కిటికీ దగ్గర పెట్టండి. రెండు మూడు వారాల్లో నొక్కుల్లోంచి వేళ్లు, ఆ వెనకే ఆకులు వస్తాయి. పెద్దాకు తన నీటిని, తిండిని పిల్లలకి ధారపోస్తూ రోజురోజుకీ ముడతలు పడుతుంది. జర్మన్ కవి గోథేకి ఈ మొక్కంటే ప్రాణం. తాను పెంచి స్నేహితులకి పంచేవాడు. జర్మనీలో ఇప్పటికీ దీన్ని గోథే మొక్క అంటారు.

రణపాలకి చోటు కావాలి, అది మర్చిపోవద్దు. కుండీలో కూడా మీటరు దాటుతుంది, కాండం గట్టిపడి కింద ఆకులు రాలి బోసిగా అవుతుంది. రాలిన ఆ ఆకులే మొలుస్తాయి కాబట్టి కుండీ చుట్టూ చూస్తుండాలి. పూస్తే మాత్రం కన్నులపండగే: గాలి నింపిన బుడగల్లా వేలాడే పూలు, లేతాకుపచ్చ మీద ఎరుపు జీర.

చిన్న చోటున్నవారికి ఫెడ్‌చెంకోయ్ మేలు. నీలిబూడిద రంగు ఆకులు, అంచున లేత ఊదా గీత, అరమీటరు లోపు ఎత్తు. ఇది కూడా చాలావరకు తెగిన ఆకుకో, నేల తగిలిన కొమ్మకో పిల్లలు, వేళ్లు వేస్తుంది. తెలుపు, గులాబీ చారలున్న రకం కూడా దొరుకుతుంది. ఆకు మీద ఉండే మైనపు పొడిని తుడవకూడదు, నూనె మందులు పిచికారీ చెయ్యకూడదు. ఆ పొడే దానికి ఎండ నుంచి రక్ష, అందం కూడా.

గాస్టోనిస్ బోనియేరి గురించి రెండు మాటలు: మూరెడు పొడవు ఆకులు, ఆకు కొసన మాత్రమే పిల్లలు. పెద్ద కుండీ, పెద్ద చోటు ఉన్నవారికే. ఒకసారి పూసి చనిపోతుంది, అప్పటికి పిల్లల్ని విడిగా పెట్టుకుని ఉండాలి.

పెంపకం: అన్నింటికీ ఒకటే, కొన్ని తేడాలతో

1815లో అచ్చయిన ఒక ఉత్తరంలో బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు భారతదేశంలో రణపాల ఆకుని నమిలి చూసిన సంగతి రాశాడు. పొద్దున్నే పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడి, సాయంత్రానికి కాస్త చేదెక్కిందట. కారణం తర్వాత తెలిసింది. ఈ మొక్కలు పగలు నీరు ఆవిరి కాకుండా పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి. పగటి వెలుగులో దాన్ని వాడుకుంటాయి. ఇంత పొదుపుగా బతికే మొక్కకి రోజూ నీళ్లు పోస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇంట్లో ఇవి చనిపోయేది చాలావరకు వేరుకుళ్లుతోనే. మట్టిలోకి వేలు రెండు కణుపులు దించి చూసి, తడి తగలకపోతేనే పోయండి. పోసినప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబొయ్యండి. ఆకులు కాస్త మెత్తబడి ముడతలు పడితే దాహం. అడుగు ఆకులు పసుపెక్కి నీరు పట్టినట్టు జావగా అయితే నీళ్లు ఎక్కువయ్యాయి. ఈ రెండూ విడదీసి చూడటం వస్తే సగం పెంపకం వచ్చినట్టే.

మట్టి సగం మామూలు కుండీ మిశ్రమం, సగం ముతక ఇసుకో, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలో కలిపితే సరిపోతుంది. కాల్చిన మట్టి కుండీ తేమని త్వరగా వదిలేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ కంటే నయం. ఎదిగే నెలల్లో నెలకోసారి సగం మోతాదు ద్రవ ఎరువు చాలు. చలి 5 డిగ్రీల దగ్గరికి వస్తే లోపలికి తెచ్చెయ్యాలి.

వెలుతురు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగిలే కిటికీ కావాలి. చాలకపోతే కాండం సాగి, ఆకుల మధ్య ఎడం పెరిగి, మొక్క ఒక పక్కకి వాలిపోతుంది. అలా సాగిన మొక్కని తిరిగి పొట్టిగా చెయ్యలేం. పై 10–15 సెంటీమీటర్లు కత్తిరించి, కోసిన చోట రెండు మూడు రోజులు ఆరనిచ్చి, పొడి మిశ్రమంలో కొత్తగా నాటుకోవాలి. నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా మండుటెండలో పెడితే ఆకులు కాలతాయి, వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చెయ్యాలి.

వెలుతురుకీ పిల్లలకీ ఇంకో లంకె ఉంది. డైగ్రెమోంటియానా పగలు పొడవుగా ఉండే రోజుల్లో గుంపులుగా పిల్లలు పెడుతుంది, పగలు కురచైతే బాగా తగ్గిస్తుంది. ఆకు అంచు ఖాళీగా ఉందని దిగులు పడేవారు ఎరువు పెంచక్కర్లేదు, కాలం మారేదాకా ఆగితే చాలు. పూత కూడా అంతే. పొడవైన పగళ్లు గడిచాక కురచ పగళ్లు వస్తేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా లైటు వెలిగే గదిలో పూయకపోవడానికి కారణం అదే కావచ్చు. పూసిన కాండం సాధారణంగా ఆ తర్వాత ఎండిపోతుంది.

పిల్లల్ని నాటాలంటే పాతిపెట్టకండి. తడి మిశ్రమం మీద వేళ్లు తగిలేలా పెట్టి, రెండు వారాలు పైపైన నీళ్లు చిలకరిస్తే పట్టుకుంటాయి. చిన్న కుండీకి మూడుకి మించి వద్దు. ఇరుకైతే అన్నీ సన్నగా సాగుతాయి.

పిల్లలు గుంపుగా ఉన్న ఆకు అంచులు, ఆకు కాడల మొదళ్లు పిండినల్లికి ఇష్టమైన చోట్లు. తెల్లటి దూదిలాంటి ముద్ద కనిపిస్తే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచెయ్యండి. పూకాడకి పేనుబంక పడితే కాడనే కత్తిరించడం తేలిక.

ఏ ఇంటికి ఏది

మొదటిసారి పెంచేవారికి, చుట్టూ మట్టి నేల గానీ వేరే కుండీలు గానీ ఉన్నవారికి నేను చెప్పేది రణపాల. బల్ల మీదో సన్నటి కిటికీ గట్టు మీదో పెట్టుకోవాలంటే ఫెడ్‌చెంకోయ్. ఆకు మీద పిల్లలు కనిపించి తీరాలి, ఏరే ఓపిక మాత్రం లేదు అంటే పింక్ బటర్‌ఫ్లైస్, అదీ ఎండ ఉంటేనే.

డైగ్రెమోంటియానానే కావాలంటే తప్పకుండా పెంచండి, అది నిజంగా అద్భుతమైన మొక్క. కానీ ఇంటి లోపల, తలుపులున్న కిటికీ దగ్గర, మిగతా కుండీలకి దూరంగా, వెడల్పాటి ఖాళీ పళ్లెంలో పెట్టండి. రాలినవి ఆ పళ్లెంలోనే పడతాయి, వారానికోసారి ఎత్తి పారెయ్యొచ్చు. పై అంతస్తు బాల్కనీ పిట్టగోడ మీద మాత్రం వద్దు. కింద ఎవరి పెరట్లో మొలుస్తుందో మనకి తెలియదు.

తీసేసిన పిల్లల్ని చెత్త కుప్పలోనో కంపోస్టులోనో వేస్తే అక్కడే పెరుగుతాయి. మట్టి లేకుండా కూడా వారాల తరబడి ప్రాణం నిలుపుకుంటాయి కాబట్టి ఆరబెట్టేశాం కదా అని నమ్మకండి. కవర్లో వేసి గట్టిగా ముడివేసి, ఎండలో పూర్తిగా కుళ్లి నల్లబడేదాకా ఉంచి, అప్పుడు చెత్తలో వెయ్యండి.

చివరగా ముఖ్యమైన సంగతి. రణపాలతో సహా ఈ మొక్కలన్నింటిలో బుఫాడియనోలైడ్లు అనే విష పదార్థాలుంటాయి. అవి గుండె లయని దెబ్బతీస్తాయి. పూలలో మరీ ఎక్కువ. పిల్లి, కుక్క, పశువులు, పాకే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో నేల మీద రాలే పిల్ల మొక్కలే పెద్ద ప్రమాదం, ఎందుకంటే కుండీని ఎత్తున పెట్టినా రాలేవి కిందికే వస్తాయి. రణపాల మందు మొక్క అని వినే ఉంటారు. ఆ మాట పట్టుకుని సొంతంగా ఆకులు నమలొద్దు. హేన్ పరీక్షని మీరు మళ్లీ చెయ్యక్కర్లేదు. జంతువు తిన్నదని అనుమానమొస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొక్క ఫోటో తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

అలాంటి ఇళ్లవారికి తనంతట తాను పెరిగే సక్యులెంట్ (ఆకుల్లో నీరు దాచుకునే మొక్క) సరదా వేరే మొక్కల్లో దొరుకుతుంది. గ్రాప్టోపెటాలం పరాగ్వాయెన్సే ఆకులు తాకితే రాలతాయి, రాలిన ప్రతి ఆకూ మొదట్లో గులాబీరంగు వేళ్లు, బుల్లి పువ్వులాంటి మొక్క వేస్తుంది. బర్రోస్ టెయిల్ అనే వేలాడే సీడమ్ కూడా అంతే. ఈ రెండూ కుక్కలకి, పిల్లులకి విషం కానివే. వీటి పెంపకానికి కూడా పైన చెప్పిన మట్టి, నీళ్ల పద్ధతే సరిపోతుంది.